నల్లరేగడిలో పగులు

డిప్లొమా చదివి ఓవర్సీరుగా చేరిన రెండో ఏడు, బోధన్ శివారులో ఒక గోదాము కట్టే పనికి నన్ను పంపించారు. డెబ్బైల మొదటి రోజులు. నిన్నమొన్నటి దాకా చెరకు పండిన నల్లరేగడి నేల అది. పునాదికి మనిషిన్నర లోతు తవ్వాలి. రోజూ పొద్దున నిజామాబాద్ నుంచి బస్సులో వచ్చి, పనివాళ్లను నిలబెట్టి రెండు మాటలు చెప్పేవాణ్ణి: తవ్విన మట్టి అంచుకు దూరంగా పోయాలి, పక్కలకు ఆపుగా చెక్క పలకలు ఆనించకుండా లోపలికి దిగొద్దు.

వాళ్లు తలూపేవారు. మట్టి మాత్రం అంచు మీదే పోసేవారు. నాలుగడుగులు ఎక్కువ మోస్తే సాయంత్రానికి నడుం విరుగుతుంది మరి. పలకల సంగతి అడిగితే మేస్త్రీ వారం రోజులుగా "రేపొస్తయి సారూ" అంటున్నాడు. తవ్వేవాళ్లలో సగం మంది మహారాష్ట్ర వైపు వాళ్లు. నా పుస్తకాల తెలుగు వాళ్లకు ఎంత అర్థమైందో నేనెప్పుడూ అడగలేదు.

తట్టలు మోసే ఆడవాళ్లలో ఒక పెద్దామె ఉండేది. భర్తతో కలిసి ఊరూరా బావులు తవ్విన మనిషి. అందరూ అవ్వా అని పిలిచేవారు.

ఆ రోజు వాన వెలిసి ఎండ కాస్తోంది. అవ్వ తట్ట కుమ్మరించి అక్కడే ఆగిపోయింది. వంగి నేలను చూసింది.

"సారూ, జర ఇటు రా. గిది ఎప్పటిది?"

అంచుకు రెండు మూరల దూరంలో వేలు పట్టేంత పగులు.

"నిన్నటి నుంచే ఉంది. రేగడి కదా అవ్వా, పగలదా?"

"ఎండకు పలిగితే అడ్డదిడ్డం పలుగుతది. గిది సూడు, గుంత పొంటి గీత గీసినట్టు పోయింది. కింద ఎంతమందున్నరు?"

ఐదుగురు. నేను నోరు తెరిచేలోగా ఆమె తట్ట విసిరేసి అరిచింది.

"మీదికి రాండ్రి! జల్ది రాండ్రి!" వెంటనే మరాఠీలో, "వర్ యా! లౌకర్ వర్ యా!"

"పని ఆపెటందుకు నువ్వెవ్వతివి?" దూరం నుంచి మేస్త్రీ కేకేశాడు. ఆమె అటు తిరగనైనా లేదు.

నలుగురు నిచ్చెనెక్కి బయటపడ్డారు. ఐదోవాడు సగం ఎక్కి, గడ్డపార కోసం మళ్లీ దిగాడు.

"ఒదిలెయ్ రా కొడుకా!"

పెద్ద చప్పుడేమీ రాలేదు. అంచు కూర్చున్నట్టుగా జారింది. చూస్తుండగానే అతను ఛాతీ దాకా మట్టిలో ఉన్నాడు.

జనం పారలు పట్టుకుని ఉరికారు. అవ్వ చేతులు అడ్డం పెట్టింది. "పారలొద్దు, చేతులతోని తియ్యాలె. ఇద్దరే దిగుండ్రి. తక్కినోల్లు ఒడ్డు మీది మట్టి దూరం గుంజుండ్రి."

అతని తమ్ముడు దిగాడు, వెనకే నేను దిగాను. ఎదుటి గోడ ఇంకా నిలువుగానే ఉంది. దాని మీద నుంచి చిన్న గడ్డ రాలినా చేతులు ఆగిపోయేవి. అతని పెదవులు నల్లబడ్డాయి. ముందు ఛాతీ చుట్టూ మట్టి తీశాం, ఊపిరి అందింది. తర్వాత నడుం, ఆ తర్వాత కాళ్లు. గోళ్లలోంచి రక్తం కారుతున్న సంగతి పైకొచ్చాకే తెలిసింది. మంచం మీద వేసి, లారీలో నిజామాబాద్ ఆస్పత్రికి పంపాం. కాలు రెండు చోట్ల విరిగింది. ప్రాణం దక్కింది.

మర్నాడు మేస్త్రీ దిగమన్నాడు. ఎవరూ కదల్లేదు. అందరూ అవ్వ వైపు చూశారు.

"పలకలు రానియ్యి," అంది ఆమె.

మధ్యాహ్నానికల్లా పలకలు వచ్చాయి.

దిగే ముందు ఈసారి నువ్వే చెప్పమని ఆమెను అడిగాను.

"సదువు రానిదాన్ని, నాకేమొస్తది సారూ?"

"నిన్న నాకు చెప్పినట్టే చెప్పు అవ్వా."

ఆమె ముందు నిలబడి మాట్లాడలేదు. కూలకుండా మిగిలిన చోట ఇంకా వెడల్పైన పగులు దగ్గరికి ఒక్కొక్కరినీ తీసుకుపోయి, అందులో చెయ్యి పెట్టించి, ఏది ఎండ పగులో ఏది కూలే పగులో రెండు భాషల్లోనూ చెప్పింది. నా వంతు వచ్చింది. మణికట్టు దాకా పోయింది చెయ్యి. లోపల చల్లగా ఉంది.

"నిన్న కాదు, మొన్ననే చూశాను అవ్వా. చూసి ఊరుకున్నాను," అన్నాను మెల్లగా.

ఆమె నా ముఖంలోకి చూసింది. "నాకు చెప్పినవ్ గద. గాళ్లకు సుత చెప్పు."

చెప్పాను. అవ్వ నా మాటల్ని మరాఠీలోకి మార్చింది. ఎవరూ తిట్టలేదు. దెబ్బ తగిలినవాడి తమ్ముడు మాత్రం ఆ పని ముగిసేదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు.