చిల్లగింజ నీళ్లలో కదిలినవి

ఆరోగ్య శాఖవారూ, వారోత్సవాలు పెట్టి, చెప్పినా జనం వినరని తిట్టేది మీరే. వాళ్లకు ఏదీ కళ్లారా చూపించనిదీ మీరే.

నిన్న మండపేటలో అలాంటి ప్రదర్శనకు వెళ్లాను. లోపలన్నీ ఫ్లెక్సీలే. గుమ్మంలో చల్లిన బ్లీచింగ్ పౌడర్ వాసనకు మాత్రం చిన్నప్పటి మా బడి ప్రదర్శన గుర్తొచ్చింది.

కాలవ నీళ్లు తేరడానికి బిందెలో చిల్లగింజ అరగదీసేవాళ్లు, మీకూ గుర్తుందా? తేరిన నీరే మంచినీరని మన నమ్మకం. చెల్లికి విరేచనాలు తగ్గకపోయినా, నీళ్లు కాచడానికి నాయనమ్మ ఒప్పుకోలేదు. ఆమె బడి ప్రదర్శనకు వచ్చినప్పుడు, తాగడానికి వెంట తెచ్చుకున్న చెంబులోని చుక్కనే సైన్సు మాస్టారు మైక్రోస్కోపు కింద పెట్టారు.

"ఇవి కదులుతున్నాయేంటండి?" అంది నాయనమ్మ.

"మీ నీళ్లేనండి."

"మీ అద్దంలో పురుగులేమో. ప్రెసిడెంటుగారింటి నీళ్లు కూడా పెట్టండి, చూద్దాం."

తెప్పించి పెట్టారు. అందులోనూ అవే కదిలాయి.

"పాపం, ఆయనా ఇవే తాగుతున్నాడన్నమాట," అని నవ్వి, ఇంటికెళ్లి నీళ్లు కాచింది. చెల్లి కోలుకుంది.

అందుకే అడుగుతున్నాను:

ప్రతి ప్రదర్శనలో మైక్రోస్కోపు పెట్టండి.

ఎవరింటి నీళ్లు వాళ్లని తెచ్చుకోనివ్వండి.

ఎదురు ప్రశ్న వేస్తే విసుక్కోకండి.

చూసే మనిషికి సందేహం తీరేదాకా వెనక నుంచి తొయ్యకండి.