దువ్వాడలో నేను ఎక్కించిన బండి

దువ్వాడ స్టేషన్లో సీజన్ పాస్ వాళ్ళం మైకు వినం. మైకు కొత్తవాళ్ళ కోసం. పాసింజర్ ఎప్పుడొస్తుందో, మా బోగీ ఏ స్తంభం దగ్గర ఆగుతుందో మా కాళ్ళకే తెలుసు. పన్నెండేళ్ళుగా ఆ బండిలోనే వైజాగ్‌లో ఆఫీసుకి వెళ్ళొస్తున్నాను కాబట్టి, ఎవరేం అడిగినా టక్కున చెప్పేయడం అలవాటైపోయింది. అడగకపోయినా చెప్పేవాణ్ణి, అది వేరే సంగతి.

పోయినేడాది ఒక పొద్దున, ఫైలు పట్టుకుని ఒకమ్మాయి నా పక్కన నిలబడింది. ఇల్లు కూర్మన్నపాలెం. పదింటికి ద్వారకా నగర్‌లో ఇంటర్వ్యూ, కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే ఉద్యోగం. గాజువాక ట్రాఫిక్‌ని నమ్మలేక మొదటిసారి రైలుకొచ్చిందట. ఇదంతా నేనే అడిగి రాబట్టాను.

అంతలో బండొచ్చింది. పైన మైకు ఏదో చెబుతూనే ఉంది.

“బాబాయ్, ఇది వైజాగ్ ఎల్తాదా?” అంది.

“ఎల్లకేటమ్మా? ఎక్కీ, సీటు నాను పడతాను.”

కిటికీలోంచి రుమాలు వేశాను. ఇద్దరికీ సీట్లు దొరికాయి. రోజూ నాతో వచ్చేవాళ్ళంతా టీ కొట్టు దగ్గరే నిలబడి ఉన్నారు. వాళ్ళకంటే ముందు ఎక్కానని మురిసిపోయాను.

గోపాలపట్నం దగ్గర బండి ఎడమకి మళ్ళింది. అది మా పాసింజర్ కాదు. దూరపు బళ్ళు కొన్ని వైజాగ్ ఊళ్ళోకి రాకుండా అటునుంచటే కొత్తవలస మీదుగా వెళ్ళిపోతాయి. దువ్వాడలో పిల్లలకి కూడా తెలిసిన విషయమే. ఆలస్యంగా నడుస్తున్న అలాంటి ఎక్స్‌ప్రెస్ ఒకటి మా పాసింజర్ వేళకొస్తే, బోర్డైనా చూడకుండా ఆ పిల్లని ఎక్కించేశాను.

చెప్పక తప్పలేదు. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

“ఇది మూడో ఇంటర్వ్యూ బాబాయ్. ఇదీ పోతే సదివింది సాలు, బట్టల షాపులో సేరిపోమంటన్నారు ఇంట్లో.”

నాకు తల కొట్టేసినట్టయింది. కోచింగ్ సెంటర్‌కి ఫోన్ చేయించి, తప్పు నాదేనని నేనే చెప్పుకున్నాను. పదకొండు దాకా చూస్తామన్నారు.

కొత్తవలసలో బండి ఆగడం మా అదృష్టం. దిగి రోడ్డు మీదికి పరిగెత్తాం. “ఇదిగో, ఈ బస్సు వైజాగ్ కాంప్లెక్స్‌కే, ద్వారకా నగర్ పక్కనే,” అన్నాను. ఆ పిల్ల నా మొహం చూసి, “ఉండండి బాబాయ్,” అని వెళ్ళి కండక్టర్ని అడిగింది. ఆయనా అదే చెప్పాక గానీ ఎక్కలేదు. దారి పొడుగునా ప్రతి సిగ్నల్‌నీ నేను మనసులోనే తిట్టుకున్నాను. పదకొండుకి పది నిమిషాలున్నాయనగా దిగి, వెనక్కి చూడకుండా పరుగెత్తింది. నేను ఆఫీసుకెళ్ళి చీవాట్లు తిన్నాను. ఒక్కటీ చెవికెక్కలేదు.

సాయంత్రం, బస్సులో నేనిచ్చిన నంబరుకి ఫోన్ చేసింది.

“వచ్చీసింది బాబాయ్. సోమవారం నుంచి రమ్మన్నారు.”

నిజంగానే కళ్ళు చెమర్చాయి. ఆ సంబరంలో నోరు ఊరుకోదు కదా.

“అయితే సోమవారం ఎనిమిదింటికి వచ్చీమ్మా. నానే దగ్గరుండి బండెక్కిత్తాను,” అన్నాను.



“వద్దులెండి బాబాయ్,” అంది మెల్లిగా. “మా నాన్న డ్యూటీ మానేసి వచ్చి ఎక్కిత్తానన్నాడు.”