చిన్న అక్షరంతో రాసిన పేరు

మిర్యాలగూడ నుంచి దామరచర్ల పోయే షేర్ ఆటోలో, డ్రైవర్ పక్కన సగం గాలిలో సగం సీటు మీద కూర్చున్నాడు రామలింగయ్య సారు. ఒళ్లో బడి కరపత్రాల కట్ట. సాయంత్రంలోగా ఒక్క అడ్మిషనైనా తేకపోతే జూన్‌లో రానక్కర్లేదని కరస్పాండెంట్ పొద్దున్నే తేల్చేశాడు.

దారిలో ఒక తండా దగ్గర ఒకావిడ కూతురితో వెనక సీట్లోకి ఎక్కింది. "సార్, గుర్తుపట్టిన్రా? సూర్యాపేటల మీ దగ్గర సదివిన. మౌనికను."

సూర్యాపేట బళ్లు వద్దన్నాక కోదాడ, కోదాడ పొమ్మన్నాక మిర్యాలగూడ: అదీ ఆయన బతుకు. ఆయన ఇంగ్లిష్‌కు వంక పెట్టినవాళ్లు లేరు, నోటికి ఓర్చుకున్నవాళ్లూ లేరు. కామా మరిచిన పిల్లవాడిని ఊపిరి పీల్చడం కూడా మరిచిపోరాదా అనేవాడు. వాక్యం మొదట పెద్ద అక్షరం లేకపోతే వేళ్ల మీద స్కేలు నిలువుగా పడేది. మన తెలుగు అక్షరాలకు ఆ పెద్దరికం లేదు. దొర పేరైనా జీతగాడి పేరైనా ఒకటే ఎత్తు. తాటాకుల కాలంలో కామా మొహం ఎరగకుండానే పురాణాలు నడిచాయి. ఆయనకు మాత్రం ఇంగ్లిష్‌లోని ఆ హెచ్చుతగ్గులే ముచ్చట.

బడి బస్సు వాళ్ల తండా దాకా వస్తుందని, ఫీజు తగ్గించమని తానే అడుగుతానని చెప్పి కరపత్రం అందించాడు. మౌనిక చదివి కూతురు నీలా చేతికిచ్చింది.

"చేర్పిస్త సార్. మీ లెక్క నేర్పెటోళ్లు లేరు, నాకు గిప్పటికీ ఒక్క కామా తప్పు పోదు. గని ఒక్కటి. నేను క్యాపిటల్ మరిసిన దినం నా పేరు బోర్డు మీద చిన్న అక్షరంతోని రాసిన్రు. తండా పేర్లకు గిదే సాలన్నరు. క్లాసంత నవ్వింది. అది తప్పని నా బిడ్డ ముందట చెప్పున్రి."

డ్రైవర్ ఆటోలో మోగుతున్న పాట ఆపేశాడు. రామలింగయ్యకు ఆ బోర్డు, ఆ నవ్వులు గుర్తే. ఒప్పుకుంటే ఉద్యోగం నిలుస్తుంది. ఆ పిల్ల కళ్లార్పకుండా చూస్తోంది.

"గట్ల రాసినందుకే గదా ఇయ్యాల నీకు తప్పు పోతలేదు," అన్నాడు. "దండం పెట్టాల్సింది నువ్వు."

"నీలా, ఆ కాగితం సారుకు ఇచ్చెయ్." మౌనిక గొంతు పెరగలేదు. "మీరు మా తండాకు రాకున్రి. వస్తే ఆ బోర్డు ముచ్చట ఒక్కొక్క ఇంటికి నేనే చెప్పుకుంట వస్త."

ఆయన ఆటో ఆపమన్నాడు. దిగి, మిర్యాలగూడ వైపు తిరిగాడు. ఈ ఎండలో ఇటు ఏ బండీ దొరకదని డ్రైవర్ అరుస్తున్నా, వెనక్కి చూడకుండా తారు రోడ్డు మీద నడిచిపోయాడు.