మా అవ్వ మానేసిన చాయ

నా చిన్నప్పుడు నేను బలపంతోని రాసింది తక్కువ, తిన్నది ఎక్కువ. నవ్వకుండ్రి. బలపం కొరికితే పండ్ల నడుమ కరకర నలిగి, నాలిక మీద సల్లటి మట్టివాసన వస్తుండె. ఆ వాసనకే నాకు పానం లేసొచ్చేది. బలపం దొరకని రోజు నానబోసిన బియ్యం, అదీ దొరకకపోతే గోడకున్న సున్నం పెళ్ళలు. శామీర్‌పేటల మా ఇంటెనుక గోడ సరిగ్గా నా ఎత్తు దాకా బొక్కలు పడ్డది. ఎలుకలు గీకుతున్నయనుకొని మా అమ్మ కొన్నొద్దులు బోను గూడ పెట్టింది.

ఒకనాడు బడి సారు మా బాపును పిలిపిచ్చిండు. మీ పిల్లకు బలపాలు ఎన్ని కొనిచ్చినా పలక మీద అక్షరం కనబడ్తలేదు, ఉరకమంటే నాలుగడుగులకే ఆయాసమొచ్చి కూలబడ్తుంది అని చెప్పిండు. మా బాపుకు కోపం ముక్కు మీదనే ఉంటది. ఇంటికి రాంగనే తేల్చి చెప్పిండు, ఇంకొక్క బలపం నోట్లె పెట్టుకుంటే బడి బంద్, అవ్వెంట గంప మోసుడే అని. నాకేమో బడంటే పానం. బడి పోతదన్న గుబులుకు ఇంటెనుకకు పోయి ఇంకో బలపం తిన్న.

మా అవ్వ అంటే బాపును కన్నతల్లి. మా చెరువుల పట్టిన చేపలు, అంగట్ల కొన్న సముద్రపు ఎండు రొయ్యలు గంపల పెట్టుకొని అలియాబాద్ దాకా నడిచి అమ్మేది. నన్ను దవాఖానకు తోలుకపోయింది ఆమెనే. అక్కడి నర్సమ్మ నా కనురెప్ప కిందికి గుంజి చూసి, ఒంట్ల ఇనుము లేదు, రక్తం తక్కువున్నది, అందుకే మట్టి మీదికి మనసు పోతాందని చెప్పింది. మా అవ్వ ఇజ్జత్ పోయినట్టే అయింది. "చేపలోళ్ళ ఇంట్ల పిల్లకు రక్తం లేదా? ఊరందరికి రక్తం పట్టిచ్చింది నా గంపనే గదా!" అని దవాఖానంత లేపింది. నర్సమ్మ ఇనుము గోలీలు చేతిల పెట్టి మమ్ముల సాగనంపింది.

నెల గడిచింది. గోలీలు మింగిన, చేపలు తిన్న, బలపాలు గూడ తిన్న.

నర్సమ్మ ఒకరోజు పిల్లలకు సూదులెయ్య మా వాడకు వచ్చింది. అవ్వకు పంతం పోలేదు. మా ఇంటి తిండి ఎట్లుంటదో తిని చెప్పమని పీటేసి కూసోబెట్టింది. పుంటికూరల ఎండు రొయ్యలు, చిన్న చేపల పులుసు. పాపం ఆమె మెచ్చుకుంట మెచ్చుకుంట తిన్నది. చేతులు కడుక్కున్నమో లేదో, మా అమ్మ అందరికీ గిలాసలల్ల చాయ తెచ్చింది. నీసువాసన పోవాల్నంటే అన్నం మీద చాయ పడాలె, అది మా ఇంటి రివాజు. నేను బుద్ధిగ డబ్బాలకెళ్ళి గోలి తీసి చాయతోని గుటుక్కున మింగిన. నర్సమ్మ గిలాస కింద పెట్టి నెత్తి కొట్టుకున్నది.

ఆమె ఆనాడు చెప్పిన ముచ్చట మా అవ్వ తన తీరుగ మలుచుకొని నాకు వందసార్లు చెప్పింది. పేగులకు సన్నటి దర్వాజలుంటయట. చేపలల్ల, రొయ్యలల్ల, గోలీలల్ల ఉన్న ఇనుము అక్కడికి వచ్చేసరికి చాయ దాని జుట్టు పట్టుకుంటదట, ఇగ రెండూ కలిసి బయటికే పోతయట. నిమ్మకాయ పులుపైతే చెయ్యి పట్టుకొని లోపటికి దాటిస్తదట. కరువుల ఉన్న ఒళ్ళు దర్వాజ బార్లా తెరిచి ఎక్కువ గుంజుకుంటది, నిండినంక తానే దగ్గరేసుకుంటది. ఇనుమే గాదు, జింకు, అయోడిన్ అని ఇంకేవో గూడ రొయ్యలల్ల ఉంటయట. మనిషికి అవి ఆవగింజంత గూడ అక్కర్లేదు, పిసరంత చాలు గనీ, ఆ పిసరు లేకుంటేనే ఒళ్ళు ఆగమైతదట.

నేను నమ్మలే. పాడైన రేడియోలకెళ్ళి మేము పెంకాసు అనే అయస్కాంతం ఊడబీకి, పులుసు గిన్నెల ముంచి చూసిన. ఒక్క ముక్క అంటుకోలే. నర్సమ్మ అబద్ధం చెప్పిందని చాటేసరికి అవ్వ నా నెత్తి మీద ఒక్కటిచ్చింది. "అది నీ పేగుకు దొరుకుతది గనీ నీ పెంకాసుకు దొరుకుతదా?" అన్నది.

తెల్లారి అన్నం కాడ నా కంచం పక్కన నిండు బలపాల డబ్బా పెట్టింది. బాపు కండ్లు పెద్దగైనయి. రెండు నెలలు నా మనుమరాలి జోలికి రాకు, అప్పటికీ తింటే బడి నేనే మాన్పిస్త అన్నది బాపుతోని. నాతోనేమో, తినబుద్ధయితే ఎదురుంగనే తిను, దాసుకొని తినకు, గోలి మాత్రం నిమ్మకాయ నీళ్ళతోనే అన్నది. చాయ ఇద్దరికీ బంద్. "నువ్వు బలపం మానేదాక నేను చాయ ముట్ట" అని గంప మీద ఒట్టేసింది.

చాయ లేకపోతే మా అవ్వకు పొద్దే పొడవది. మూడోనాటికి నెత్తికి తడిబట్ట కట్టుకున్నది. కోడిని తిట్టింది, పక్కింటోళ్ళ మేకను తిట్టింది, చేపలు బేరమాడినోళ్ళను తిట్టింది. తలకాయ నొస్తుందా అవ్వా అని అడిగితే, రెండు చేతులతోని కణతలు ఒత్తుకుంటనే "నొస్తలేదు" అన్నది. నాకు అప్పుడు నవ్వొచ్చింది.

బలపం ఎప్పుడు మానిన్నో నాకే తెల్వదు. ఒకరోజు సారు ఎక్కాలు రాయమంటే పలక రెండు దిక్కులా నింపిన. చేతిల బలపం గోరంత అయింది. సారు పలక చూసిండు, నమ్మక నోరు తెరువమని నోట్లె గూడ చూసిండు. సాయంత్రం ఆయనే ఇంటికొచ్చి చెప్తే బాపు తెల్లారి కొత్త బలపాలు తెచ్చి నా సంచిల ఏసిండు. అవ్వ పొయ్యి కాడికి పోయి, చాయ పెట్టుకొని, వరుసగ మూడు గిలాసలు తాగింది. తాగుకుంటనే ఏడ్చింది. గోలీలు పనిచేసినయని నర్సమ్మ అంటే మాత్రం "గోలీల మొకం! నా రొయ్యలు" అని కొట్లాటకు పోయింది.

ఈ నడుమ గాజులరామారంల మా బిడ్డ ఇంటికి పోతే, మనుమరాలు ఫ్రిజ్జుల మంచుగడ్డలు తీసి కరకర నములుతుంది. వాళ్ళమ్మ మొత్తుకుంటుంది. ఆ చప్పుడు నాకు ఎరికైన చప్పుడే. తిట్టకు, ముందు రక్తపరీక్ష చేయించమన్న. డాక్టరు మందులు రాసిండు, నేను పుంటికూరల ఎండు రొయ్యలు వండిన. మంచుగడ్డల గిన్నె పిల్ల ముందే పెట్టి, నువ్వు మానేదాక నేను చాయ ముట్టనని ఒట్టేసిన.

ఇయ్యాల్టికి నాలుగోరోజు. పిల్ల నా మొకం చూసి, "అమ్మమ్మా, తలకాయ నొస్తుందా?" అని అడిగింది.

నొస్తలేదన్న. కొంగు నెత్తికి ఇంకింత గట్టిగ కట్టుకున్న.