ముందుగా చెప్పిన కృతజ్ఞత

మా ఆఫీసులో కాఫీ జగ్గు మారలేదు. వేడి పలక మీద గంటల తరబడి ఉండి అడుగంటిన కాఫీ వాసన మధ్యాహ్నానికల్లా కువైట్‌లోని అర్దియాలో ఉన్న మా హాలంతా కమ్ముకుంటుంది. కొత్తగా చేరినవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఆ వాసనలో మిస్ కారల్ గొంతు వినిపిస్తుంది. నేను జగ్గు కడగబోతే చెయ్యి పట్టుకునేది. "పారబోయకు హనీ. ఈ చేదు మింగలేనివాళ్లు మా దేశంలో ఓటు కూడా వెయ్యలేరు" అని నవ్వేది. ఆమె వెళ్లిపోయింది. ఆ నవ్వు ఎలాంటి మనిషిదో ఆమెను చూడనివాళ్లకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

మా కంపెనీ అమెరికా ప్రభుత్వం ఇచ్చే కాంట్రాక్టు మీద ఇక్కడున్న వాళ్ల సైనిక శిబిరాలకు బట్టలు ఉతికిస్తుంది, బస్సులు నడుపుతుంది. మిస్ కారల్ మా విభాగానికి మేనేజరు. అమెరికా దక్షిణాదిలో ఒక చిన్న ఊరామె, అరవై నిండిన మనిషి, బల్ల సొరుగులో బైబిలు పెట్టుకునేది. నేను రాజంపేట దగ్గర పల్లె నుంచి వచ్చి ఆమె దగ్గర సహాయకురాలిగా చేరాను. పెద్దవాళ్ల ఎదుట నోరు విప్పకపోవడమే మర్యాద అని నాకు నేర్పారు. అందుకే అమెరికాలోని పెద్దాఫీసు వాళ్లతో వీడియో సమావేశం జరిగినప్పుడు, ఉతికే కుర్రాళ్ల బస్సు వేళలు తప్పుగా వేశారన్న సంగతి ఆమె చెవిలో గొణిగాను. ఆమె ఆ మాట తను చెప్పలేదు. కెమెరాను నా వైపు తిప్పింది. "మా అమ్మాయి మీతో ఒక మాట చెప్పాలనుకుంటోంది" అంది. ఎలాగో చెప్పాను. వేళలు మార్చారు. తర్వాత, "నీ మాట నా నోటితో చెప్పించకు. రేపు నేను ఉండకపోవచ్చు" అంది. అది మాటవరసకు అన్నదనుకున్నాను.

మా క్రైస్తవ సంఘంలో అమెరికా అంటే వాగ్దాన దేశమే. అబ్బాసియా పేటలో ఒక ఫ్లాటు హాలులో ప్రతి శుక్రవారం కూడుకుంటాం. ఇక్కడ ఆదివారం పనిదినం కాబట్టి మా ఆరాధన దినం శుక్రవారమే. ప్రార్థన మనవుల్లో సగం ఆ దేశపు వీసాల గురించే ఉంటాయి. అలాంటి దేశాన్ని వదిలి, ఈ వయసులో, ఈ ఇసుకలోకి ఎందుకు వచ్చారని ఒకరోజు మిస్ కారల్‌ను అడిగాను. ఆమె భర్త డేల్ ఫోటో చూపించింది. టోపీ పెట్టుకుని, పక్కన కుక్కతో, బక్కగా ఉన్న మనిషి. అతనికి రక్త క్యాన్సర్. రోజూ ఒక మాత్ర వేసుకుంటే మామూలుగా తిరుగుతాడు. ఆ మాత్ర ఖరీదు వాళ్లిద్దరూ కలిసి సంపాదించినా అందదు. ఆమె ఉద్యోగంతో వచ్చే ఇన్సూరెన్సే దాన్ని భరిస్తోంది. వాళ్ల ఊళ్లో ఫ్యాక్టరీ మూతపడ్డాక, అలాంటి ఇన్సూరెన్సు ఇచ్చే పని ఆమెకు దొరికింది ఇక్కడే.

"ఉద్యోగం పోతే?" అన్నాను.

"మాత్ర పోతుంది" అంది, ఫోటోను సొరుగులో పెడుతూ.

ఆ సాయంత్రం బస్సులో కూర్చుని ఆలోచించాను. ఇక్కడ ఉండడానికి మాకిచ్చే ఇఖామా, మమ్మల్ని రప్పించిన కఫీల్ చేతిలో ఉంటుంది, ఆయన వద్దంటే మేం దేశం విడిచి పోవాలి. అది మాలాంటి పేదవాళ్ల రాత అనుకునేదాన్ని. ప్రపంచమంతా వెళ్లాలనుకునే దేశంలో పుట్టిన మనిషి మెడకు కూడా అలాంటి తాడే ఉందని, పైగా దాని రెండో కొసకు ఆమె భర్త ప్రాణం కట్టి ఉందని తెలిశాక, నాకు చిన్ననాటి నుంచి ఉన్న ఏదో ఆశ చప్పుడు లేకుండా కూలింది.

వాళ్ల దేశంలో ప్రభుత్వం మారింది. కాంట్రాక్టులన్నీ తిరిగి చూస్తారని, చాలా రద్దవుతాయని మాటలు మొదలయ్యాయి. నేను మిస్ కారల్‌ను శుక్రవారం సంఘానికి తీసుకెళ్లాను. ఆమె చెప్పులు బయట విడిచి, చాప మీద అక్కాచెల్లెళ్ల మధ్య కూర్చుంది. ఎవరో తలమీద చున్నీ కప్పారు. ఆమె ఇంగ్లీషులో సాక్ష్యం చెబుతుంటే నేను పక్కన నిలబడి తెలుగులో చెప్పాను. డేల్ జబ్బు గురించి చెప్పింది. కూతురి గురించి కూడా చెప్పింది. ఎన్నికల్లో తల్లి ఒకరికి, కూతురు మరొకరికి ఓటు వేశారు. అప్పటి నుంచి కూతురు ఫోను ఎత్తడం లేదు.

కువైటీల ఇంట్లో వంట చేసే మరియమ్మత్త మధ్యలోనే అందుకుంది. "ఏందమ్మీ, సరిగ్గా చెప్తాండావా? ఓటు కోసరం కూతురు తల్లితో మాట్లాడదా?"

"అవునత్తా, అదే చెప్పింది."

"మా పక్క ఓట్లప్పుడు తలకాయలు పగలగొట్టుకుంటారు గానీ, పెండ్లి కాడ ఒకే బంతిలో కూచ్చోని తింటారు. అంత సదువుకునిన దేశానికి ఇదేం పొయ్యేకాలం!"

నవ్వులు విని మిస్ కారల్ నా వైపు చూసింది. చెప్పాను. ఆమె కూడా నవ్వింది. "మా వాళ్లనందర్నీ ఆమె ఊరికి పంపాలి" అంది. కళ్లు మాత్రం తుడుచుకుంది.

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. ఎంతో భారమైన మనవి అయితే, జవాబు వచ్చేదాకా ఆగం. వచ్చేసినట్టే కృతజ్ఞతలు చెబుతాం. అది విశ్వాసానికి గుర్తు. వీసా రాకముందే కేకు కోసినవాళ్లు ఉన్నారు, కడుపు పండకముందే ఉయ్యాల తెచ్చినవాళ్లు ఉన్నారు. ఆరోజు పాస్టరుగారు లేచి, "డేల్ సోదరునికి దేవుడిచ్చిన స్వస్థత కోసం, నిలిచిన ఈ సోదరి ఉద్యోగం కోసం స్తోత్రం చెల్లిద్దాం" అన్నారు. అందరం చేతులెత్తాం. పాట పాడాం. మరియమ్మత్త డోలక్ వాయించింది. మిస్ కారల్ అదంతా ఫోనులో వీడియో తీసి డేల్‌కు పంపింది. ఆ తర్వాత ప్రేమ విందులో చికెన్ పలావు చేత్తో తింటూ, "ఇప్పటికే అయిపోయినట్టు ఎలా చెబుతారు మీరు?" అని అడిగింది. "నమ్ముతాం కాబట్టి" అన్నాను. నిజంగానే నమ్మాను.

తర్వాత కొద్దికాలానికే ఒక ఉదయం ఆమె కంప్యూటరు తెరుచుకోలేదు. పాస్‌వర్డు మర్చిపోయిందని ఆటపట్టించాను. మా కంప్యూటర్లు చూసే విభాగానికి నేనే ఫోను చేశాను. ఎక్కడో వేరే దేశంలో కూర్చున్న కుర్రాడు మర్యాదగా, "ఆ పేరుతో మా దగ్గర ఎవరూ లేరు మేడమ్" అన్నాడు. పొరపాటయి ఉంటుందని మళ్లీ అడిగాను. మిస్ కారల్ నా చేతిలోంచి రిసీవరు తీసుకుని మెల్లగా పెట్టేసింది. ఆమెకు అర్థమైపోయింది. కాంట్రాక్టులో మా భాగం తగ్గించారని, ఆమె పదవి తీసేశారని పెద్దాఫీసు నుంచి కబురు మధ్యాహ్నానికి నా కంప్యూటరుకు వచ్చింది. ఆమెకు పంపడానికి ఆమె ఈమెయిలు చిరునామానే లేదు కదా. నేను చదివి వినిపించాను. ఆమె ఒక్కటే అడిగింది. "ఇన్సూరెన్సు ఎప్పటిదాకా?"

"ఈ నెలాఖరు దాకా."

నాకు కోపం ఆగలేదు. "మీరు ఓటు వేసిన ప్రభుత్వమే కదా ఇది?" అన్నాను.

"అవును హనీ. దుబారా తగ్గిస్తామన్నారు. మంచిదే అనుకున్నాను." సొరుగులోంచి బైబిలు తీసింది. "దుబారా అంటే నేనే అని అనుకోలేదు."

అవతలి పక్షం మీదా ఆమెకు ఆశ లేదు. ఆ పక్షం పాలించిన కాలంలోనే ఆమె ఊరి ఆసుపత్రి మూతపడింది. రెండు పక్షాలూ తన ఊరి పేరు ఎన్నికల ఉపన్యాసాల్లోనే పలికాయని చెప్పింది. సామాను సర్దుకుంటుంటే కూతురి నుంచి సందేశం వచ్చింది. ఎన్నాళ్లకో వచ్చిన మాట అని ఆత్రంగా తెరిచింది. నాకూ చూపించింది. 'నువ్వు కోరుకున్నదే జరిగింది' అని ఉంది. అంతే. మిస్ కారల్ ఫోను బోర్లించి, కప్పులో మిగిలిన కాఫీ తాగేసింది.

ఊరికి వెళ్లాక అప్పుడప్పుడు మాట్లాడేది. ఒక దుకాణంలో గల్లా దగ్గర నిలబడే పని దొరికింది. దానికి ఇన్సూరెన్సు లేదు. సొంతంగా కట్టుకోవాలంటే ఆ జీతం చాలదు. సర్కారు సాయానికి దరఖాస్తు పెట్టారు, అది నడుస్తూనే ఉంది. డేల్ మొదట్లో ఆమెకు తెలియకుండానే మిగిలిన మాత్రలను రోజు విడిచి రోజు వేసుకున్నాడట. తర్వాత సగానికి విరుస్తున్నాడు. నేను ప్రతి శుక్రవారం ఆ సంగతి సంఘంలో చెప్పాలనుకునేదాన్ని. కానీ స్వస్థత దొరికిందని స్తోత్రం చెప్పేశాక, దొరకలేదని చెప్పడం అవిశ్వాసమవుతుంది. అందరూ "డేల్ సోదరుడు ఎలా ఉన్నారు?" అని అడిగేవాళ్లు. "ప్రార్థించండి" అనేదాన్ని.

చలికాలం మొదట్లో ఆమె ఫోను చేసింది. గొంతు విన్న వెంటనే డేల్ ఇక లేడని తెలిసింది. చిన్నప్పటి నుంచి ప్రతి దుఃఖానికీ ఒక బైబిలు వాక్యం కంఠతా నేర్చుకున్నదాన్ని. ఒకటి మొదలుపెట్టాను.

"ఇప్పుడొద్దు హనీ" అంది. "ఊరికే ఫోనులో ఉండు."

ఉన్నాను. వాళ్ల ఇంట్లో కుక్క గోళ్లు నేల మీద టకటకమనడం వినిపించింది. చాలాసేపటికి తనే మాట్లాడింది. "మీ పాట వీడియో రోజూ చూసేవాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా. ఆ డోలక్ వాయించే ఆవిడ దగ్గర ఆపి ఆపి చూసేవాడు. 'నేను బాగుపడ్డానని ఇంతమంది చెబుతున్నారే, వీళ్లను అబద్ధికుల్ని చెయ్యకూడదు కారల్' అనేవాడు. చివరి వారం కూడా."

ఆ శుక్రవారం సంఘంలో లేచి నిలబడి డేల్ చనిపోయాడని చెప్పాను. పాస్టరుగారు తలవంచి, దేవుని చిత్తం అన్నారు. పాట మొదలైంది. మరియమ్మత్త డోలక్ ఒళ్లో పెట్టుకుని వాయించలేదు. "అమ్మీ, ఆ పొద్దు మనం చెప్పిన స్తోత్రం ఏమైనట్టు?" అని నన్ను అడిగింది. వాదించడానికి కాదు, నాకు తెలిసి ఉంటుందని.

నాకు తెలియదు. నేను ఇంకా నమ్ముతాను. శుక్రవారం మానను. మా వాళ్లు వీసాల కోసం ముందుగానే చేతులెత్తినప్పుడు నా చేతులూ లేస్తాయి, అలవాటు కొద్దీ. కానీ ఒక మనిషి మాత్ర సగానికి విరుచుకుంటూ మా మాట నిలబెట్టాలని చూశాడు. మేం చెప్పేసిన ఆ కృతజ్ఞతను ఎవరూ తిరిగి అడగలేదు. దాన్ని వెనక్కి తీసుకునే ప్రార్థన మాకెవరూ నేర్పలేదు. దాన్ని నేను మోస్తున్నాను.