చార్టు చదివిన పిల్ల

కళ్లద్దాల షాపులో వెనక గది ఆమెది. అద్దాలు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి, మెత్తని గుడ్డతో తుడిచి ముందుకి పంపిస్తుంది. పన్నెండేళ్లుగా అదే పని. పలకరిస్తే పలుకుతుంది, లేకపోతే లేదు. తోటివాళ్లు ఆమెకు వినబడేలాగే ‘మౌనం మేడమ్’ అంటారు. ఆమెకు కోపం రాదు. నవ్వూ రాదు.

చిన్నప్పుడు మాత్రం అందరూ లెక్కల పాప అనేవారు. తండ్రి సెలూన్లో స్టూలెక్కి నిలబడేది. గడ్డానికి నురగ పూయించుకుని కూర్చున్న పెద్దమనుషులు నోటికొచ్చిన అంకెలు చెప్పి హెచ్చవేయమనేవారు. వాళ్లు గుటక వేసేలోపు జవాబు వచ్చేది. తండ్రి కత్తి ఆపి మరీ చుట్టూ చూసేవాడు. బడిలో రెండు తరగతులు దాటించేశారు. క్లాసులో అందరికీ మోచేతి ఎత్తుండే ఆ పిల్లను ఆటకెవరూ పిలవలేదు. హోంవర్కు చేసిపెట్టమని మాత్రం పిలిచేవారు.

పదకొండో ఏట ఓ పెద్ద హాల్లో, మైకు ముందు నిలబెట్టి లెక్క అడిగారు. జవాబు తెలుసు. నోరు పెగల్లేదు. వెనక నుంచి ఎవరో ఈల వేశారు. ఇల్లు చేరేదాకా తండ్రి మాట్లాడలేదు. ఆ తర్వాత ఆమెకు తిండి, నిద్ర, చదువు అన్నీ చప్పబడిపోయాయి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, “పాప చివరిసారి ఎప్పుడేడ్చింది?” అని అడిగాడాయన.

“మా అమ్మాయి ఏడవదండీ, చాలా తెలివైంది,” అన్నాడు తండ్రి గర్వంగా.

మొన్న మంగళవారం తమ్ముడు తన ఏడేళ్ల కూతుర్ని షాపుకు తీసుకొచ్చాడు. బోర్డు కనపడట్లేదేమో చూపించమని టీచరు చెప్పిందట.

“దీనికి చూపు లేకపోవడమేంటక్కా, పుస్తకాలు నమిలి మింగేస్తుంటేనూ!”

పిల్ల కుర్చీలో కూర్చుని చివరి వరుస దాకా గడగడా చదివేసింది. పరీక్ష చేసే ఆయన “చూపు బ్రహ్మాండం” అన్నాడు. తమ్ముడి మొహం వెలిగిపోయింది.

గుమ్మంలో నిలబడ్డ ఆమె మాత్రం పిల్ల కళ్లనే చూస్తోంది. అవి చార్టు మీద లేవు, పక్క గోడ మీదున్నాయి. ఆమె అక్షరాల చార్టు దించి, అంకెలది తగిలించింది.

“ఇప్పుడు చదువమ్మా.”

పిల్ల పై వరుస చదివి ఆగిపోయింది. తండ్రి వైపు చూసింది.

“ఇందాకటిది కంఠతా పట్టావా?”

“లోపలికొచ్చేటప్పుడు దగ్గర్నుంచి చూశానత్తా. ఒక్కసారే.”

“ఎందుకూ?”

“తప్పు చెప్తే నాన్న మొహం అదోలా అయిపోతుంది.”

ఆమె వేలితో ఒక్కో అంకె చూపించింది.

“కనపడకపోతే కనపడట్లేదని చెప్పాలి. ఇది?”

“కనపడట్లేదు.”

“ఇది?”

“కనపడట్లేదు.”

ఐదో అంకెకు పిల్ల ఏడుపు లంకించుకుంది, వెక్కి వెక్కి, ముక్కు కారేలా. తమ్ముడు లేవబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“ఏడవనీరా.”

పిల్ల ఏడుపు తగ్గాక తమ్ముడు అడిగాడు. “నీకూ ఇలాగే ఉండేదా అక్కా?”

“గుర్తు లేదురా.”

పిల్ల కళ్లద్దాలకు అద్దాలు తనే అరగదీసింది. గురువారం సాయంత్రం పెట్టుకుని బయటికి నడిచిన పిల్లకు నేల ఎగుడుదిగుడుగా కనిపించింది కాబోలు, మెట్టు మీద తడబడింది.

“నాన్నా, నాకు నడవడం రావట్లేదు.”

“రాకపోతే రానీ. చెయ్యి పట్టుకో.”

సంతోషపడాల్సిన సమయమని ఆమెకు తెలుసు. లోపల ఏదైనా కదులుతుందేమోనని, వాళ్లు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూసింది. ఏమీ కదల్లేదు. లోపలికెళ్లి తర్వాతి ఫ్రేము అందుకుంది.