పదకొండు దస్తూరీలు, ఒకటే చెయ్యి

నల్లపాడు స్టేషనులో రైలు దిగగానే, మా సాల్మన్ మాస్టారు ఆ ఉదయమే కన్నుమూశారన్న వార్త ఎదురొచ్చింది. నమ్మలేదు. రుజువు లేనిదే ఏదీ నమ్మవద్దని నేర్పినవారు ఆయనే కనుక ఇంటిదాకా వెళ్ళి చూశాను. ఈ ఒక్కసారికి రుజువు దొరకకపోతే బాగుండేది.

మా హైస్కూల్లో జీవితకాలం సైన్సు బోధించిన ఆ జ్ఞానమూర్తి స్థిరచరాస్తులు ఒక సైకిలు, ఒక సిరా పెన్ను. మా పేటలో చదువురాని వారి అర్జీలూ ఉత్తరాలూ అన్నీ ఆయన వరండాలోనే పుట్టేవి. ‘నా ఉత్తరం’ అంటే మాస్టారు రాయగా తాము సంతకం గీసిన కాగితమనే మావాళ్ళ అర్థం. ఆ సంతకం నేర్పిందీ ఆయనే.

నాలుగేళ్ళ కిందట ఊరి పక్క మిర్చి గోడౌనులో రెండు బస్తాలు మాయమయ్యాయి. షావుకారు గారు పోలీసులను పిలవలేదు. గుంటూరులో బోర్డు పెట్టుకున్న దస్తూరి శాస్త్రజ్ఞుణ్ణి పిలిచారు. చేతిరాత చూసి మనిషి గుట్టు చెప్పే మహానుభావుడట. తాలుకాయలు ఏరే పదకొండుమంది ఆడవాళ్ళనూ తలా ఒక కాగితం రాసి తెమ్మన్నారు. వాళ్ళు అలవాటు ప్రకారం వరండాకు వెళ్ళి, రాయించుకుని తెచ్చారు. శాస్త్రజ్ఞుడు భూతద్దం పెట్టి పరిశీలించి, అంకమ్మది దైవభక్తి, సుగుణది దానగుణం, అక్షరాలు ఎడమకు వాలాయి కనుక మార్తమ్మది చోరబుద్ధి అని తేల్చారు. మార్తమ్మ పని పోయింది. వీధి కుళాయి దగ్గర జనం తమ బిందెలు ఆమె బిందెకు దూరంగా జరుపుకున్నారు.

మర్నాడు మాస్టారు ఆమెను వెంటబెట్టుకుని గోడౌనుకు బయలుదేరారు. నేనూ వెళ్ళాను. శాస్త్రజ్ఞుడు ఇంకా అక్కడే ఉన్నారు.

“షావుకారు గారూ, దొంగ దొరికాడండీ.”

“ఎవరండీ?”

“నేనేనండి. భక్తుణ్ణీ నేనే, దాతనూ నేనే. పదకొండు కాగితాలూ నా రాతే.”

షావుకారు శాస్త్రజ్ఞుడి వంక తిరిగారు. “ఏందండీ ఇది?”

ఆయన తొణకలేదు. “పక్కన నిలబడ్డ మనిషి స్వభావం రాసేవారి చేతిలోకి దిగుతుందండీ. అందుకే ఆ కాగితం ఎడమకు వాలింది.”

“అది పదకొండోది కదండీ, అప్పటికి నా నడుం పట్టేసింది. సరే, మీ మాటే నిజమనుకుందాం. పది కాగితాలు రాస్తాను. ఐదింటికి మార్తమ్మ పక్కన నిలబడుద్ది, ఐదింటికి అంకమ్మ. మీరు బయటుండండి. తర్వాత వచ్చి ఏది ఎవరిదో వేరు చెయ్యండి.”

“ఇలాంటి పరీక్షలకు లొంగే విద్య కాదండీ ఇది,” అన్నారు శాస్త్రజ్ఞుడు. ఉన్నట్టుండి ఆయనకు బస్సు వేళ గుర్తొచ్చింది.

“తప్పయ్యే వీలే లేని విద్యకు ఒప్పయ్యే వీలూ ఉండదండీ,” అన్నారు మాస్టారు ఆ వీపుకేసి.

“మరి దొంగెవరండీ?” అన్నారు షావుకారు దీనంగా.

“తెలీదండీ. తెలీదనడానికి నాకేం సిగ్గు లేదు. తెలీకుండా ఒక మనిషి నోటికాడ కూడు తీసినందుకు మీరు సిగ్గుపడాల.”

మార్తమ్మ మళ్ళీ పనిలో చేరింది. దొంగ ఇంతవరకు దొరకలేదు. గుంటూరులో ఆ బోర్డు కూడా పడిపోలేదు, పైగా ఈమధ్య రంగు వేయించారు. మార్తమ్మ మాత్రం ఆ వారమే పలక కొని వరండాలో కూర్చుంది. “ఇకనించి నా కాగితం నేనే రాసుకుంటా మాస్టారా,” అంది.

సంస్మరణగా వెలువడే ఈ సంచిక సంపాదకులు మాస్టారి చేతిరాత ఒకటి అచ్చువేసి, దాని కింద ఆయన గుణగణాలను ఒక దస్తూరి నిపుణుడి చేత రాయిద్దామని సెలవిచ్చారు. నా దగ్గర ఆయన ఉత్తరాలు చాలా ఉన్నాయి. ఒక్కటీ ఇవ్వను. ఆయన గుణగణాలు కావలసినవారు మా పేటకు వచ్చి అడగవచ్చు. ఆ వరండాలో కూర్చోగలవారు మాకిక దొరకరని కూడా అక్కడే తెలుస్తుంది.

ఆదివారం చర్చిలో సంస్మరణ సభ జరిగింది. షావుకారు గారు ముందు వరసలో ఆసీనులయ్యారు. మార్తమ్మ నా చేతిలో ఒక కాగితం పెట్టింది. అక్షరాలు ఎడమకూ కుడికీ, తోచిన దిక్కుకల్లా వాలాయి.

“రాత బాగా కుదిరిందే మార్తమ్మా!”

“రాత సంగతి నీకెందుకయ్యా? ఏం రాశానో చదువు.”

‘నేను దొంగను కానని మాస్టారు చెప్పారు. ఇప్పుడు ఆయన లేరు. నేనే చెబుతున్నా. నేను దొంగను కాను.’

ముందు వరసకేసి తిరిగి, బిగ్గరగా చదివాను. రెండుసార్లు.